పాన్ కార్డుకి ఎంతవుతుంది

నలభై ఆరేళ్ళ వయసులో నాకు పాన్ కార్డు కావలసి వచ్చింది. అప్పటిదాకా దానితో పనిపడలేదు. మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఢిల్లీ మయూర్ విహార్‌లో మేముంటున్న ఫ్లాటు ఆయన పేరు మీద ఉంది, గ్యాసు కనెక్షన్ ఆయన పేరు మీద ఉంది. బ్యాంకులో నాకంటూ ఉన్న ఒక్క ఖాతా తెరిచిన రోజున, పాన్ లేదంటే ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని సరే అన్నారు. అంతటితో ఆ సంగతి మరిచిపోయాను.

చూపులేని విద్యార్థుల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే సంస్థ ఒకటి నోయిడాలో ఉంది. వాళ్ళకి తెలుగు చదివే గొంతు కావాలని మా సొసైటీలో ఒకావిడ చెబితే వెళ్ళి రెండు పేజీలు చదివి వచ్చాను. నాలుగు రోజుల తరువాత అక్కడ పనులు చూసే అమ్మాయి ఫోన్ చేసింది. గుంటూరు పిల్ల, గలగలా మాట్లాడుతుంది.

"ఆంటీ, మీ వాయిస్ మావాళ్ళందరికీ నచ్చింది. గంటల లెక్కన డబ్బులిస్తాం. మీ పాన్ కార్డూ, బ్యాంక్ పాస్‌బుక్కూ ఫొటో తీసి వాట్సాప్ చేసేయండి."

"పాన్ కార్డు లేదమ్మా నాకు."

"అసలు లేదా ఆంటీ? పాన్ లేకపోతే ఇచ్చేదాంట్లో ఇరవై శాతం కోసేస్తారు. చేయించేసుకోండి. పెద్ద ఖర్చేం కాదులెండి."

"ఎంతవుతుంది?"

"ఏమో ఆంటీ, నాది మా నాన్న చేయించారు. వందో, రెండొందలో."

ఆ సాయంత్రం మా అబ్బాయిని అడిగాను. వాడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. "ఫ్రీ హై, మమ్మీ. దస్ మినట్ కా కామ్," పది నిమిషాల పనేనంటూ నా ఆధార్ నంబరు కొట్టాడు. ఓటీపీ వచ్చింది, చెప్పాను. తరువాత వాడి మొహం మారింది. నా ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంది, తేదీ, నెలా లేవు. పూర్తి తేదీ లేకపోతే ఈ ఉచితం పద్ధతి పనిచేయదట. ముందు ఆధార్ దిద్దించుకోవాలి, దానికి వేరే రుసుము, వేరే వరస.

"ఉచితమన్నావు కదరా?"

"ఫ్రీ హీ హై. ఆప్ కే లియే నహీం హై, బస్," అన్నాడు వాడు. ఉచితమే, నాకు మాత్రం కాదట.

మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "నూట ఏడు రూపాయలు. మా సెక్షన్లో ఒకతను వాళ్ళావిడకి మొన్ననే చేయించాడు. నూట ఏడు. ఒక్క పైసా ఎక్కువ ఇవ్వకు," అన్నారు.

మర్నాడు మెట్రో స్టేషన్ దగ్గర ఫొటోస్టాట్ దుకాణానికి వెళ్ళాను. ఫారాలు నింపడం, ప్రింట్లు తీయడం, రైలు టికెట్లు, అన్నీ అతనే చేస్తాడు. పాన్ కార్డుకి ఎంత అని అడిగితే రెండు వందల యాభై అన్నాడు. నూట ఏడు కదా భయ్యా అన్నాను. అతను ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. నూట ఏడు సర్కారుది. కార్డు వద్దు, ఈమెయిల్లో వస్తే చాలు అనుకుంటే డెబ్భై రెండు. అదే విదేశంలో చిరునామా ఉంటే వెయ్యి దాటుతుంది. మిగిలింది అతని చేతి పని. పక్క మార్కెట్లో అయితే మూడు వందల యాభై తీసుకుంటారు, కావాలంటే కనుక్కుని రమ్మన్నాడు.

ఒకే కార్డుకి ఉచితం దగ్గర మొదలై ఇన్ని ధరలున్నాయి. వాటిలో నాది ఏదో తేల్చుకోలేక అక్కడే నిలబడ్డాను. నా వెనక ఇద్దరు ముగ్గురు చేరారు. చివరికి రెండు వందల యాభై ఇచ్చేశాను. ఇంట్లో మాత్రం నూట ఏడే అయిందని చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకే తెలియదు. నా దగ్గర దాచుకున్న డబ్బే అది.

ఫారం నింపడం దగ్గర ఇంకో గొడవ వచ్చింది. నా పేరులో ఇంటిపేరు ముందుంటుంది. పెళ్ళయ్యాక కూడా మా పుట్టింటి ఇంటిపేరే అన్ని కాగితాల్లో ఉండిపోయింది, మార్చాలని ఎవరికీ తోచలేదు. "సర్నేమ్ పీఛే ఆతా హై నా, ఆంటీజీ?" అంటూ, ఇంటిపేరు వెనక రావాలని, అతను నా పేరును వెనక నుంచి ముందుకీ ముందు నుంచి వెనక్కీ తిప్పి చూశాడు. తరువాత తండ్రి పేరు గడి వచ్చింది. నేను అలవాటుగా మా ఆయన పేరు చెప్పాను. పతి పేరు కాదు, పిత పేరు అన్నాడు. "పెళ్ళయి ఇరవై ఒక్క ఏళ్ళయింది భయ్యా," అన్నాను. "ఐదు వందల ఏళ్ళయినా పాన్‌లో పితాజీయే ఉంటారు," అన్నాడతను.

నాన్నగారి పేరు అక్షరం అక్షరం చెప్పాను. ఆ పేరు పైకి చెప్పి చాలా కాలమైంది. ఇంగ్లీషులో ఒక చోట 'హెచ్' ఉందో లేదో గుర్తు రాక, పుట్టిన తేదీ కోసం తెచ్చిన పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూసుకున్నాను. ఉంది.

పన్నెండు రోజుల తరువాత కార్డుకి బదులు ఒక సందేశం వచ్చింది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఈ వివరాలు గల వ్యక్తికి ఇదివరకే పాన్ నంబరు కేటాయించినట్టు కనిపిస్తోంది కనుక మీ దరఖాస్తును ఆపి ఉంచాము అని దాని సారాంశం.

"నీకు పాన్ ఉందా?" అన్నారాయన.

"నాకెక్కడిది?"

"మరి వీళ్ళేంటి ఇలా అంటున్నారు?"

ఆయనకి వెంటనే భయం పట్టుకుంది. నా కాగితాలు ఎవరి చేతిలోనో పడ్డాయని, నా పేరు మీద ఎవరో అప్పు తీసుకుని ఉంటారని, రేపు బ్యాంకు వాళ్ళు తలుపు కొడతారని మొదలుపెట్టారు. ఆధార్ జిరాక్సులు ఎక్కడెక్కడ ఇచ్చావో గుర్తు చేసుకో అన్నారు. సిమ్ కార్డు దుకాణం, గ్యాసు ఆఫీసు, మా అబ్బాయి స్కూలు, తిరుపతిలో గది. ఢిల్లీలో ఇన్నేళ్ళు ఉంటే ఎన్ని చోట్ల ఇస్తామో ఎవరికి గుర్తుంటుంది?

నేను ఫొటోస్టాట్ దుకాణానికి పరిగెత్తాను. అతను సందేశం చూసి నెమ్మదిగా తల ఊపాడు. "ఆంటీజీ, ముందే చెప్పాలి కదా. రెండు పాన్‌లు ఉంటే పదివేలు జుర్మానా."

"నాకు ఒక్కటీ లేదు భయ్యా."

"గవర్నమెంట్ ఉందంటోంది," అన్నాడు. ఇంకా రెండోది పుట్టలేదు కాబట్టి భయం లేదని, పాతది వెతికి పట్టుకోవాలని, నేను కట్టిన రుసుము మాత్రం తిరిగి రాదని చెప్పాడు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అడిగి చూశారు. నంబరు ఫోన్లో చెప్పడానికి వీల్లేదని, గుర్తింపు కార్డు తీసుకుని ఆఫీసుకి వెళ్తే తెలుస్తుందని అవతల అమ్మాయి చెప్పింది. అది నాదేనని నేనెలా నమ్మేది తల్లీ అని బతిమాలితే, "చాలా పాతది మేడమ్. పంతొమ్మిదేళ్ళ కిందటిది. చిరునామా ఆర్.కె. పురంలో ఒక స్కూలు," అంది.

ఫోన్ పెట్టేసి వంటింట్లో నీళ్ళు తాగాను. అప్పుడు గుర్తొచ్చింది. నేను ఉద్యోగం చేశాను.

ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే వింతగా ఉంది. అప్పట్లో మేము ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నడిచి వెళ్ళేంత దూరంలో ఒక బడి ఉండేది. అందులో చిన్న తరగతులకి తాత్కాలికంగా ఏడు నెలలు పాఠాలు చెప్పాను. మా అబ్బాయి కడుపులో పడ్డాక ఐదో నెల వచ్చేదాకా వెళ్ళి మానేశాను. ఆ తరువాత ఎవరడిగినా, బంధువులైనా, పిల్లాడి స్కూలు ఫారాలైనా, 'గృహిణి' అనే చెప్పాను. ఇంతకు ముందు ఏదైనా చేసేవారా అని అడిగితే లేదనే అన్నాను. అబద్ధం చెబుతున్నానని ఏ రోజూ అనిపించలేదు. నిజంగానే ఏమీ చేయలేదని అనుకుంటూ వచ్చాను.

మా ఆయనకి చెబితే ఆయనకీ ముందు గుర్తు రాలేదు. "అవును కదూ. ఆకుపచ్చ జరీ చీర ఒకటి కట్టుకుని వెళ్ళేదానివి," అన్నారు. నాకు ఆ చీర గుర్తు లేదు. పాన్ ఫారం మీద సంతకం పెట్టిన సంగతి అంతకన్నా గుర్తు లేదు.

ఆ బడిలో నాతో పాటు పనిచేసిన ఒక టీచరుగారు ఇప్పటికీ ఆర్.కె. పురం పక్కనే అద్దెకి ఉంటున్నారు. కరీంనగర్ వైపు మనిషి. రిటైరై చాలా ఏళ్ళయింది. కొడుకు ఇక్కడే ఉద్యోగం కాబట్టి ఉండిపోయారు. ఉగాదికి మెసేజీలు పంపుకోవడం తప్ప చూసుకుని ఎన్నేళ్ళయిందో. శనివారం పింక్ లైన్ మెట్రో ఎక్కి, దిగి, ఆటోలో వెళ్ళాను. మేమున్న క్వార్టర్ల వరస కూల్చేసి కొత్త టవర్లు కడుతున్నారు. ఆటో అబ్బాయి ఎక్కడ ఆపమంటారని అడిగితే ఏ మలుపో చెప్పలేక ఆవిడకే ఫోన్ చేసి అతనికిచ్చాను.

ఆవిడ తలుపు తీసి నన్ను పోల్చుకోవడానికి కొంచెం సమయం తీసుకున్నారు. "గింత లావైనవేంది?" అని లోపలికి పిలిచి చాయ్ పెట్టారు. నా సమస్య అంతా విన్నారు.

"పాన్ కార్డా? మనందరికి చేయించిన్రు గద," అన్నారు మామూలుగా.

"ఎవరు టీచర్ గారూ?"

"బడి క్లర్కు. అందర్ని స్టాఫ్ రూంల కూసుండవెట్టి ఫారాలు నింపిచ్చిండు. ఫొటోలాయన వచ్చిండు. నువ్వు ఆనాడు ఒకటే వాంతులు. ఫొటో వద్దు, రేపు దిగుతనంటె మేమే నీకు మొహం కడిగి కూసుండవెట్టినం. అందరి జీతాలకెళ్ళి అరవై ఎన్నో రూపాయలు కోసిండు. నువ్వు కోసిందెందుకని వాని మీద పంచాయితి కూడ వెట్టినవు."

నేను పంచాయితీ పెట్టానంటే నమ్మలేకపోయాను. క్లర్కుతో గొడవ పడే మనిషిని నేను ఎప్పుడు అయ్యానో, ఎప్పుడు మానేశానో అర్థం కాలేదు.

"మరి కార్డు ఏమైంది? నాకు రాలేదు కదా?"

"ఎందుకు రాలె? నువ్వు మానేసినంక బడికొచ్చింది. నేనే దెచ్చి మీ అత్తమ్మ చేతుల వెట్టిన. బాబు పుట్టి పది దినాలయి ఉంటది. నువ్వు నిద్రవోతున్నవు. లేపొద్దు అన్నది ఆమె. పైలంగ దాస్తనన్నది."

జాగ్రత్తగా దాస్తానన్నారట. మా అమ్మకి కాలు విరిగి మంచంలో ఉండడంతో పురుడు పోయడానికి అత్తగారే కాకినాడ నుంచి వచ్చారు. ఐదు నెలలు ఉన్నారు. ఆ ఐదు నెలల్లో ఒక్కరోజూ ఆవిడ కార్డు మాట ఎత్తలేదు. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయింది. ఎవరిని అడగను?

"మా అత్తగారు ఇంకేమైనా అన్నారా మీతో?" అని అడిగాను.

టీచరుగారు ఆలోచించారు. "మళ్ళ బడికి వోతదా అని అడిగింది. పోతది, ఆరు నెలలకి రమ్మన్నరు అని చెప్పిన. అచ్ఛా అన్నది. గంతే."

ఇంటికొచ్చి అత్తగారు వాడిన వస్తువులన్నీ వెతికాను. ఆవిడవంటూ ఎక్కువ లేవు. ఒక స్టీలు డబ్బా, రెండు శాలువాలు, జపమాల, మందుల చీటీలు. మా ఆయన ఇన్సూరెన్స్ ఫైళ్ళన్నీ మంచం మీద పరిచారు. మధ్యాహ్నం దాకా వెతికి ఇద్దరం అలిసిపోయాం. అప్పుడు మా అబ్బాయి, నానమ్మకి ఇంగ్లీష్ చదవడం రాదు కదా అంటూ, "వో కహాఁ రఖ్‌తీ థీ ఇంపార్టెంట్ చీజేఁ?" ముఖ్యమైనవి ఎక్కడ పెట్టేదని అడిగాడు.

ఆవిడకి ముఖ్యమైన కాగితమంటే ఆ రోజుల్లో ఒక్కటే. ప్రతి నెలా డిస్పెన్సరీకి తీసుకెళ్ళే మనవడి టీకాల పుస్తకం. అది నా బీరువాలోనే ఉంది. దాన్ని నేను కనీసం ముప్ఫైసార్లు తెరిచి ఉంటాను. మా అబ్బాయి దాని ప్లాస్టిక్ తొడుగు ఊడదీశాడు. అట్టకీ తొడుగుకీ మధ్య కార్డు అతుక్కుపోయి ఉంది. గోటితో నెమ్మదిగా లాగితే వచ్చింది.

"మమ్మీ, యే ఆప్ హో?" ఇది నేనేనా అని అడిగాడు.

ఫొటోలో బుగ్గలు లోపలికి పోయి, కళ్ళ కింద నల్లగా, జుట్టు తడిసి నుదుటికి అతుక్కుని ఒక పిల్ల ఉంది. కింద నా పేరు, దాని కింద నాన్నగారి పేరు, 'హెచ్' లేకుండా. సంతకం తెలుగులో ఉంది.

నంబరు దొరికింది కాబట్టి ఇక అయిపోయిందనుకున్నాం. మా అబ్బాయి వెబ్‌సైటులో కొట్టి చూసి, ఇది పనిచేయడం లేదన్నాడు. ఆధార్‌తో జత చేయడానికి ఇచ్చిన గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు జత చేయాలంటే వెయ్యి రూపాయలు ఆలస్య రుసుము కట్టాలి. పైగా అంతకు ముందు ఆధార్‌లో పుట్టిన తేదీ దిద్దించుకోవాలి, లేకపోతే రెండూ సరిపోలవు.

"నాకు తెలియని కార్డుకి నేను ఆలస్యం చేయడమేంటి?" అన్నాను.

"నీ కార్డే కదా," అన్నారు మా ఆయన.

ఆయన మాట తప్పు కాదు. అయినా నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆయన మీద కాదు. వెయ్యి అడిగిన ప్రభుత్వం మీద అనుకుందామంటే, నన్ను పంతొమ్మిదేళ్ళు ఉద్యోగస్తురాలిగా గుర్తుపెట్టుకున్నది అదొక్కటే. అత్తగారి మీద అనుకుందామంటే, ఆవిడ ఆ ఐదు నెలలూ నన్ను మంచం దిగనివ్వకుండా చూసుకున్నారు. రాత్రిళ్ళు పిల్లాడిని ఒళ్ళో వేసుకుని ఆవిడే కూర్చునేవారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగాను. "అత్తయ్యగారు నాకు తెలియకుండా దాచిపెట్టారంటారా, భద్రంగా దాచారంటారా?"

ఆయనకి తేడా అర్థమైంది. "అమ్మ మరిచిపోయి ఉంటుంది," అన్నారు. మళ్ళీ, "అమ్మ ఏదీ మరిచిపోయేది కాదు," అన్నారు. ఆ తరువాత మేం ఆ విషయం మాట్లాడుకోలేదు.

ఆధార్ కేంద్రంలో రెండు ఉదయాలు వరసలో నిలబడ్డాను. తేదీ దిద్దించాను. అది మారడానికి వారం పైన పట్టింది. వెయ్యి రూపాయలు మా అబ్బాయి ఫోన్లోంచి కట్టాడు, నేను వాడికి నోట్లు ఇచ్చాను. మరికొన్ని రోజులకి కార్డు పనిచేయడం మొదలుపెట్టింది. గుంటూరు అమ్మాయి ఇన్నాళ్ళూ మూడుసార్లు ఫోన్ చేసింది. ప్రతిసారీ వచ్చేస్తుందమ్మా అనే చెప్పాను. చివరికి ఫొటో పంపితే, "అయ్యో ఆంటీ, పాతది ఉందిగా, మరి లేదన్నారేంటి?" అంది.

ఇప్పుడు వారానికి మూడు రోజులు వెళ్తున్నాను. గాజు గదిలో మైకు ముందు కూర్చుని ఏడో తరగతి సాంఘిక శాస్త్రం చదువుతున్నాను. మొదటి రోజు 'పంచాయితీ' అనే మాట రాగానే వాక్యం మధ్యలో ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నారు.

మొన్న ఆదివారం బఠాణీలు ఒలుస్తుంటే మా అబ్బాయి పక్కన కూర్చుని, ఉద్యోగం ఎందుకు మానేశావని అడిగాడు. "నౌకరీ ఛోడీ క్యోం థీ, మమ్మీ?"

"నువ్వు పుట్టావు కదరా."

"సారీ," అన్నాడు, నిజంగానే తప్పు చేసినవాడిలా.

నేను నవ్వి వాడి నెత్తి మీద చిన్నగా కొట్టాను. తరువాత మనసాగక నిజం చెప్పాను. నువ్వు పుట్టావని మానేసిన మాట నిజమే, కానీ ఆరు నెలల తరువాత రమ్మన్నారు, వెళ్ళాలనే అనుకున్నాను. ఎందుకు వెళ్ళలేదో గుర్తు లేదు. ఎవరైనా వద్దన్నారా అని అడిగాడు. ఎవరూ అనలేదన్నాను. ఎవరైనా అన్నట్టు నాకు గుర్తు లేదు. వాడు నా చేతిలోంచి కొన్ని బఠాణీలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాడు.